ఆల్బమ్ మారిందంటే ఏం మారినట్టు?

(విజయనగరంలో యువ గిటారిస్టులు, డ్రమ్మర్లు, శ్రోతలు కూడిన సభలో చేసిన ప్రసంగం, చివరి ప్రశ్నలతో సహా)

పెద్దలకు నమస్కారం. గిటార్లు భుజాన వేసుకొచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ స్వాగతం.

ఈ ఊళ్ళో సంగీతం గురించి మాట్లాడుతూ వయొలిన్‌తో మొదలుపెట్టడం మర్యాద. 1919లో ఇక్కడ మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. నాయుడు గారి చేతిలోని ఆ వాద్యం పుట్టింది ఐరోపాలో. అక్కడ నాలుగు తీగల్నీ ఒకదానికొకటి పంచమం ఎడంతో కడతారు. మనవాళ్ళు స-ప-స-ప అని కట్టారు. అక్కడ నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని మనవాళ్ళు కింద కూర్చుని ఛాతీకీ పాదానికీ మధ్య ఆనించారు. దాంతో ఎడమచేతికి వాద్యాన్ని మోసే పని తప్పింది. చెయ్యి తీగ మీద హాయిగా జారింది, గమకం పలికింది. చెక్క అదే, కమానూ అదే. కట్టు మారింది, పట్టు మారింది, సంగీతమే వేరయింది.

రాక్ బ్యాండు విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇవాళ మెటాలికాను ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన బ్యాండు. వీళ్ళ దగ్గర్నుంచి కొత్త ఆల్బమ్ వచ్చిన ప్రతిసారీ అభిమానులు రెండు వర్గాలవుతారు. డబ్బు కోసం మారిపోయారని ఒక వర్గం, ఎదిగారని ఇంకో వర్గం. నలభై ఏళ్ళుగా తెగని తగవు ఇది. ఎందుకు తెగదో నాకు తోచింది చెబుతాను. వీళ్ళు ఒకే దాని గురించి మాట్లాడుకోవడం లేదు. ఒకరు మిక్సింగ్ (వాద్యాలన్నిటినీ పాళ్ళు చూసి కలిపే పని) విని తిడుతుంటే, ఇంకొకరు పాట కట్టుబడి విని మెచ్చుకుంటున్నారు. పాట కట్టుబడి మారొచ్చు, తీగల శ్రుతి మారొచ్చు, వాయించే చెయ్యి మారొచ్చు, మిక్సింగ్ మారొచ్చు, ఆఖర్న మాస్టరింగ్ (విడుదలకు ముందు మొత్తం శబ్దానికి చేసే తుదిమెరుగు) మారొచ్చు. బాగుందా లేదా అన్నది తరవాత. ముందు ఏది మారిందో చెవితో పట్టుకోవాలి.

1983 నుంచి 1986 దాకా వచ్చిన మూడు ఆల్బమ్‌ల గురించి త్వరగా చెప్పేస్తాను. వేగం, ఒకే పాటలో ఐదారు రిఫ్‌లు (పదేపదే తిరిగొచ్చే గిటార్ పలుకులు), కుడిచేత్తో ఎక్కువగా పై నుంచి కిందికే కొట్టే మీటు. అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగలకు ఆనించి కొడితే 'ధన్ ధన్' అని మూసుకుపోయిన శబ్దం వస్తుంది కదా, బ్యాండు గాయకుడూ గిటారిస్టూ అయిన జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఆ పనిలో దిట్ట. ఆ గిటార్‌ను కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి విడివిడిగా వాయించి రికార్డు చేస్తారు. ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు, అందుకే ఒక్క మాట. ఒకసారి వాయించిన ట్రాక్‌ను కాపీ చేసి రెండువైపులా పెడితే వెడల్పు రాదు. రెండూ అచ్చంగా ఒకటే కాబట్టి శబ్దం నడిమధ్యనే కూర్చుంటుంది. కాపీని ఒక 15 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే వెడల్పు వచ్చినట్టే ఉంటుంది గానీ, ఫోన్ స్పీకర్‌లో రెండూ కలిసేసరికి గొట్టంలోంచి వచ్చినట్టు బోలుగా వినబడుతుంది. రెండుసార్లూ వాయించాల్సిందే, వేరే దారి లేదు.

1986 సెప్టెంబరులో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో బేస్ (మంద్ర స్వరాల గిటార్) వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఆ స్థానంలోకి జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' విడుదలైంది. తొమ్మిది పాటలు, 65 నిమిషాలు. వింటే బేస్ ఉందో లేదో తెలియదు. ఆ ఆల్బమ్ మీద ఇప్పటికీ ఉన్న మొదటి ఫిర్యాదు ఇదే. న్యాయమైన ఫిర్యాదు కూడా.

ఎందుకలా అయిందో చూద్దాం. మిక్సింగ్‌లో బేస్ స్థాయిని బాగా తగ్గించారు, అది ఒకటి. రెండోది, న్యూస్టెడ్ చాలాచోట్ల గిటార్ రిఫ్‌నే అక్షరం పొల్లుపోకుండా వాయించాడు. మూడోది, గిటార్ టోన్‌లో మధ్య భాగం, అంటే ఒక 400 నుంచి 800 హెర్ట్జ్ దాకా, తవ్వేసినట్టు ఖాళీ. కింది భాగం, పైభాగం మాత్రం పెంచారు. గిటార్ కిందికి దిగి బేస్ ఉండాల్సిన చోట కూర్చుంది. ఒకే రిఫ్, ఒకే చోటు. ఇక బేస్ విడిగా ఎలా వినబడుతుంది? డ్రమ్స్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కూడా బరువు లేకుండా 'టిక్ టిక్' మంటుంది. కట్టుబడి పరంగా వాళ్ళ అత్యంత క్లిష్టమైన పాటలు అందులో ఉన్నాయి, కానీ ఆ పాటలకు నేల లేదు. తరవాత 1996లో వచ్చిన 'లోడ్' ఆల్బమ్ మీద పడ్డ తిట్లలో సగం నిజానికి ఈ ఆల్బమ్ మీద పడాల్సినవని నా అభిప్రాయం.

మన ప్రాక్టీసు గదుల్లో రోజూ జరిగేది కూడా ఇదే. యాంప్లిఫయర్ మీద మిడ్ (మధ్య భాగం) నాబ్ సున్నాకి తిప్పి, బేస్ (కింది భాగం), ట్రెబుల్ (పైభాగం) నాబ్‌లు పదికి పెడతారు. ఒక్కరే వాయించుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. డ్రమ్స్, బేస్ కలిసేసరికి గిటార్ మాయమవుతుంది. అప్పుడు వాల్యూమ్ పెంచుతారు. డ్రమ్మర్ ఇంకా గట్టిగా కొడతాడు. గాయకుడి గొంతు పోతుంది. మిడ్‌ను ఐదూ ఆరు మధ్య పెట్టండి, బేస్ నాబ్‌ను నాలుగుకి దించండి. గేన్ (శబ్దాన్ని గరుకు చేసే మోతాదు) మీకు ఇష్టమైనదాని కంటే కొంచెం తగ్గించండి. రికార్డింగ్‌లోనైతే గిటార్‌లో 80, 100 హెర్ట్జ్ కంటే కిందిది కోసెయ్యండి. ఆ చోటు బేస్‌ది.

ఇప్పుడు 1991కి వద్దాం. నల్ల అట్టతో వచ్చిందాన్ని అందరూ బ్లాక్ ఆల్బమ్ అంటారు. కొత్త నిర్మాత, అంటే రికార్డింగ్‌ను నడిపించేవాడు, బాబ్ రాక్. ఎనిమిది నెలల పని. అంతకుముందు విడివిడిగా రికార్డు చేసుకునే అలవాటున్న బ్యాండును అతను ఒకే గదిలో కలిపి వాయించమన్నాడు. అన్ని పాటలూ ఒకే శ్రుతిలో ఉన్నాయేమిటని అడిగాడు. దాంతో 'శాడ్ బట్ ట్రూ' పాటకు తీగల్ని ఒక పూర్తి స్వరం కిందికి దించారు. మన లెక్కలో చెప్పాలంటే గిటార్ కింది తీగ మామూలుగా మూడో శ్రుతి, దాన్ని రెండో శ్రుతికి దించారన్నమాట. 'ఎంటర్ శాండ్‌మన్' రిఫ్ కథ ఇంకా విలువైనది. బ్యాండులో రెండో గిటారిస్టు కిర్క్ హామెట్ తెచ్చిన రిఫ్‌లో మొదటి భాగం, వెంటనే తోక భాగం ఉండేవి. మొదటి భాగాన్ని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి మాత్రమే తోక తగిలించమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ సూచించాడు. అంతే మార్పు. పల్లవిలో ఒక సంగతి పడే ముందు సాదాగా రెండు మూడుసార్లు పాడితేనే ఆ సంగతికి విలువ వస్తుందని ఈ ఊళ్ళో ఎవరికి చెప్పాలి?

ఆ ఆల్బమ్‌లో వేగం తగ్గింది, పాటలు పొట్టివయ్యాయి, ఒక్కో పాట ఒకటి రెండు రిఫ్‌ల చుట్టూనే తిరిగింది, బేస్ వినబడింది, స్నేర్‌కు ('ఛట్' మనే చిన్న డ్రమ్‌కు) గది లోతు వచ్చింది. అమెరికాలోనే కోటీ అరవై లక్షల ప్రతులకు పైగా పోయింది. పాత అభిమానులకు మాత్రం కోపం వచ్చింది. వాళ్ళ ఫిర్యాదు కట్టుబడి మీద, కొత్తగా వచ్చినవాళ్ళ మెప్పు శబ్దం మీద. ఇద్దరిదీ నిజమే.

1996 జూన్‌లో 'లోడ్'. జుట్టు కత్తిరించుకున్నారు, ఫొటోల్లో వేషం మార్చారు. అభిమానుల ఆగ్రహంలో ఎంత భాగం చెవిది, ఎంత భాగం కంటిది అన్నది తూకం వెయ్యడం కష్టం. నేను చెవిది మాత్రమే చెబుతాను.

తీగలు అరస్వరం దిగాయి, అంటే రెండున్నర శ్రుతి. బ్లూస్ నడక వచ్చింది, ఒక పాటలో కంట్రీ బాణీ వచ్చింది. పద్నాలుగు పాటలు, దాదాపు 79 నిమిషాలు, ఒక సీడీ పట్టగలిగినంతా నింపేశారు. ఇవన్నీ అందరూ చెప్పేవే. అసలు మార్పు ఇంకొకటి ఉంది, దాన్ని ఎక్కువమంది గమనించరు. అంతకుముందు ఆల్బమ్‌లలో కుడివైపు రిథమ్ గిటార్ (పాటంతా ఆధారంగా నడిచే గిటార్), ఎడమవైపు రిథమ్ గిటార్ రెండూ హెట్‌ఫీల్డ్ చేతివే. ఒకే మనిషి, ఒకే మణికట్టు, ఒకే బిగువు. అందుకే ఆ రెండు గిటార్లూ గోడలా అతుక్కుపోయి వినబడేవి. 'లోడ్' నుంచి ఒక వైపు హామెట్ కూడా రిథమ్ వాయించడం మొదలైంది. ఇద్దరు మనుషులన్నాక ఒకరు వెంట్రుకవాసి ముందు, ఒకరు వెంట్రుకవాసి వెనక. ఒకరు మీటును నొక్కి కొడతారు, ఒకరు జార్చి కొడతారు. శబ్దం వదులైంది, ఊపిరి వచ్చింది. పాత అభిమాని 'బిగువు పోయింది' అంటే అతను విన్నది నిజంగానే ఉంది. దానికి కారణం వ్యాపారం కాదు, రెండో చెయ్యి. బ్లూస్ నడకకు ఆ వదులు కావాలి, వాళ్ళ పాత వేగాల థ్రాష్ నడకకు అదే దోషం. మీ బ్యాండులో రెండు గిటార్లుంటే ఇది ఇవాళే పరీక్షించుకోవచ్చు. ఒక రిఫ్‌ను ఇద్దరూ చెరోవైపు రికార్డు చెయ్యండి. తరవాత ఒక్కరే రెండువైపులా రికార్డు చెయ్యండి. హెడ్‌ఫోన్స్‌లో రెండూ వింటే తేడా అరనిమిషంలో తెలిసిపోతుంది.

ఇక 2003, 'సెయింట్ ఆంగర్'. జనం ఇంతగా చీలిన ఆల్బమ్ వాళ్ళది మరొకటి లేదు. న్యూస్టెడ్ 2001లో వెళ్ళిపోయాడు కాబట్టి బేస్ బాబ్ రాకే వాయించాడు. గిటార్ సోలోలు ఒక్కటీ లేవు. పదకొండు పాటలు, 75 నిమిషాలు. ఎక్కువ పాటలకు తీగలు 'డ్రాప్ సీ'లో కట్టారు. ఆ స్నేర్ డ్రమ్ సంగతి సరేసరి.

ముందు తీగల లెక్క. కింది తీగ మామూలుగా 82.4 హెర్ట్జ్. డ్రాప్ సీలో 65.4, అంటే మూడో శ్రుతి నుంచి ఒకటో శ్రుతికి. మిగతా ఐదు తీగలూ ఒక్కో పూర్తి స్వరం దిగుతాయి. తీగ బిగువు శ్రుతి వర్గాన్ని బట్టి మారుతుంది. 65.4ను 82.4తో భాగించి వర్గం చేస్తే 0.63. అంటే అదే తీగ ఉంచి దించితే బిగువులో 37 శాతం పోతుంది. తీగ బట్టలారేసిన తాడులా ఊగుతుంది, ఫ్రెట్లకు (మెడ మీది లోహపు మెట్లకు) తగిలి జరజరమంటుంది, గట్టిగా మీటితే మొదట్లో శ్రుతి పైకెగిరి తరవాత దిగుతుంది. పాత బిగువు కావాలంటే మందం 1.26 రెట్లు ఉండాలి. 46 మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) తీగ ఉన్నచోట 58 కావాలి. ఒక స్వరం మాత్రమే దిగితే 52 చాలు. ఊరికే తీగ మార్చి వదిలేస్తే కుదరదు. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీద గాడి 46కి కోసింది, 58 అందులో దిగదు. ఇరుక్కుని, ట్యూన్ చేస్తుంటే 'టిక్' మని ఎగిరి శ్రుతి తప్పుతుంది. గాడి వెడల్పు చేయించాలి. తీగలు వేసి, శ్రుతి చేసి, ఒక రోజు ఆగండి, మెడ సర్దుకుంటుంది. తరవాత కింది తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ ఒంటికి అతుక్కున్న చోట నొక్కిపట్టి ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర సందు చూడండి, 0.25 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ఆఖర్న పన్నెండో ఫ్రెట్. నొక్కి వాయించిన స్వరం హార్మోనిక్ (అక్కడే నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే పైన ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) వెనక్కి జరపాలి. ఇదే వరస. ముందు శాడిల్ జరిపి తరవాత మెడ సరిచేస్తే చేసిన పని మళ్ళీ చెయ్యాలి.

డ్రాప్ సీ వల్ల రిఫ్‌ల ఆకారం కూడా మారింది. కింది మూడు తీగల మీద ఒక్క వేలు అడ్డంగా వేస్తే పవర్ కార్డ్ (స-ప కలిసి మోగే కట్టు) వచ్చేస్తుంది. వేలు పైకీ కిందికీ జరిపితే చాలు. అందుకని రిఫ్‌లు బరువుగా, గంతులేస్తూ, తక్కువ స్వరాలతో తయారవుతాయి. పాత మెటాలికాలో నాలుగు వేళ్ళూ అల్లుకున్న రిఫ్‌లు. 'ఈ పాటలు అందరివీ ఒకేలా ఉన్నాయి' అని 2003లో వచ్చిన విమర్శకు మూలం నా దృష్టిలో ఈ ఒక్క వేలే.

ఇప్పుడు స్నేర్. దాని కింది చర్మానికి ఉక్కు స్ప్రింగు తీగలు, సాధారణంగా ఇరవై, ఆనుకుని ఉంటాయి. పై చర్మం మీద కొడితే అవి 'ఛట్' మంటాయి. పక్కన ఒక లివర్ ఉంటుంది. దాన్ని దించితే తీగలు చర్మాన్ని వదిలేస్తాయి, అప్పుడు మిగిలేది డబ్బా మోత. ఉల్రిక్ ఆ లివర్ దించే ఆల్బమంతా వాయించాడు. చర్మం మీద మోత ఆపేదేమీ లేకపోతే 'టాంగ్' అని సాగుతుంది. వేగం నిమిషానికి 180 అయితే దెబ్బకీ దెబ్బకీ మధ్య సెకనులో మూడో వంతు. మోత అంతకంటే ఎక్కువసేపుంటే ముందు దెబ్బ చావకుండానే తరవాతి దెబ్బ పడుతుంది. గిటార్ స్వరంతో సంబంధం లేని ఒక శ్రుతి పాటంతా నిలబడిపోతుంది. మృదంగం వాయించేవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎడమ మూతకు రవ్వముద్ద పెట్టకుండా ఎవరైనా కచేరీకి కూర్చుంటారా? ఆ ముద్ద బరువుకి శ్రుతి దిగుతుంది, మోత అణిగి గుంభనం వస్తుంది. చర్మవాద్యంలో ఎంత మోగించాలన్నది ఎంత విద్యో, ఎంత అణచాలన్నదీ అంతే విద్య.

ఆ ఆలోచన తప్పని నేను అనను. కోపంతో నిండిన పాటకు పచ్చి శబ్దం కావాలనుకున్నారు, రెండు మూడు పాటల్లో అది గుండెకు తగులుతుంది. 75 నిమిషాలు ఆపకుండా అదే మోత అంటే చెవి అలసిపోతుంది. మీ డ్రమ్‌కు ఇదే బాధ ఉంటే జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి చర్మం అంచున టేపుతో అంటించండి, ముందు అది చేసి చూడండి. ఆ తరవాతే కొత్త స్నేర్ కొనడం గురించి ఆలోచించండి.

2008లో 'డెత్ మాగ్నెటిక్'. నిర్మాత రిక్ రూబిన్. తీగలు తిరిగి మూడో శ్రుతికి వచ్చాయి. సోలోలు వచ్చాయి, పొడుగు పాటలు వచ్చాయి. పాత అభిమానులు అడిగిందంతా కట్టుబడిలో ఇచ్చారు. అయినా వేలమంది సంతకాలు పెట్టి మళ్ళీ మిక్స్ చేయమని అడిగారు. ఈసారి దెబ్బ చివరి మెట్ల దగ్గర తగిలింది.

సీడీలో శబ్దానికి ఒక పైకప్పు ఉంది, దాన్ని దాటి ఎక్కడానికి లేదు. పాటను ఇంకా బిగ్గరగా చెయ్యాలంటే ఎత్తైన అంచుల్ని అణచి, మొత్తాన్ని పైకి లేపాలి. హద్దు మీరితే అంచులు చదునుగా తెగిపోతాయి. పైడితల్లమ్మ జాతరలో యాంప్లిఫయర్ నాబ్ చివరికంటా తిప్పితే హారన్ బరబరమంటుంది చూశారా, అదే. అన్నిటికంటే ఎత్తైన అంచులు డ్రమ్స్‌వి కాబట్టి ముందుగా చచ్చేది స్నేర్ దెబ్బ. అభిమానులకు అది ఎలా పట్టుబడిందంటే, ఇవే పాటలు గిటార్ హీరో అనే వీడియో ఆటలో కూడా వచ్చాయి. అక్కడ అలా అణచకముందున్న ట్రాకులు వాడారు. ఆటలో డ్రమ్స్ విచ్చుకుని వినబడ్డాయి, సీడీలో నలిగిపోయి వినబడ్డాయి. పక్కపక్కన పెట్టి చూపించారు. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్ తన దగ్గరికి వచ్చేసరికే మిక్స్‌లు అలా నలిగి ఉన్నాయని చెప్పాడు. శ్రోతలు తమ అసంతృప్తికి సాక్ష్యం చేత్తో పట్టుకొచ్చిన సందర్భం అది. ఆ శ్రోతలంటే నాకు గౌరవం.

ఇప్పుడు అంత బిగ్గరగా చేసినా లాభం లేదు. స్పాటిఫై లాంటివి అన్ని పాటల్నీ సుమారు మైనస్ 14 లఫ్స్ (బిగ్గరను కొలిచే ప్రమాణం) స్థాయికి తెస్తాయి. మీరు మైనస్ 6 దగ్గర మాస్టర్ చేస్తే అది 8 డెసిబెల్స్ తగ్గించేస్తుంది. బిగ్గర పోతుంది, నలుగుడు మిగులుతుంది.

వాద్యాలే మార్చేసినవాళ్ళ సంగతి వేరు. రేడియోహెడ్ అనే బ్యాండు 2000లో 'కిడ్ ఎ' ఆల్బమ్‌లో గిటార్లను చాలావరకు పక్కనపెట్టి సింథసైజర్లు, ఓండ్ మార్తెనో అనే పాత ఎలక్ట్రానిక్ వాద్యం పట్టుకుంది. అక్కడ మార్పేమిటో వెతకక్కర్లేదు, ఎదురుగానే ఉంటుంది. 1965లో అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవంలో గాయకుడు బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో వచ్చినప్పుడు జనం అరిచారు. కోపం కరెంటు గిటార్ మీదా, ధ్వని సరిగా లేనందుకా, తక్కువసేపు వాయించినందుకా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఏ మెట్టు దగ్గర కోపం వచ్చిందో విడదీసి చెప్పకపోతే అరవై ఏళ్ళయినా వాదన తేలదు.

(ప్రశ్న: అన్నా, మాకు ఉన్నది ఒకే గిటారు. ఫంక్షన్‌లో మధ్యలో ఒక డ్రాప్ సీ పాట ఉంది. ఎలా?)

మధ్యలో పెట్టకు తమ్ముడూ. ఆ పాటను మొదట గానీ చివర గానీ పెట్టు. తీగలు ఒక్కసారి అంత దించితే మెడ మీద లాగుడు తగ్గి మెడ కొంచెం వెనక్కి వెళ్తుంది, దించిన వెంటనే వాయించే పాటలో శ్రుతి నిలవదు. నీ గిటార్‌కు ఫ్లాయిడ్ రోజ్ లాంటి తేలే బ్రిడ్జి ఉంటే ఇంకా కష్టం, ఒక తీగ దించితే మిగతా ఐదూ పైకి పోతాయి. కుదిరితే ఆ పాటను మీ మామూలు శ్రుతికే మార్చుకోండి. మెటాలికా కూడా వేదిక మీద పాత పాటల్ని అరస్వరం దించి వాయిస్తోంది. గాయకుడి గొంతుకు సుఖం.

(ప్రశ్న: 2023లో వచ్చిన '72 సీజన్స్' మీద కూడా రెండు మాటలున్నాయి కదండీ, మీరేమంటారు?)

పన్నెండు పాటలు, 77 నిమిషాలు. చివరి పాట ఒక్కటే పదకొండు నిమిషాలు దాటుతుంది. శబ్దం మీద పెద్ద ఫిర్యాదు లేదమ్మా, బేస్ కూడా చక్కగా వినబడుతుంది. తగవంతా పొడుగు మీదే. నా మట్టుకు నాకు, మొదటి ఆరు పాటలు ఒక రోజు, తరవాతి ఆరు ఇంకో రోజు వింటే బాగా పట్టుబడింది. ఆ చివరి పాట మధ్యలో గిటార్లు తగ్గి బేస్ ముందుకొచ్చేచోటు వినండి, 1988లో లేనిది అక్కడ దొరుకుతుంది.

ఇక విందాం. 'జస్టిస్' నుంచి నలభై సెకన్లు, వెంటనే బ్లాక్ ఆల్బమ్ నుంచి నలభై సెకన్లు. రెండిటి బిగ్గరా సమం చేశాను, ఎందుకంటే ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్నే మెచ్చుకుంటుంది. ఫోన్‌లో వినేవాళ్ళు బాస్ బూస్ట్ తీసెయ్యండి. మొదటిసారి బేస్‌ను మాత్రమే వెతకండి, రెండోసారి స్నేర్‌ను, మూడోసారి కుడి గిటార్‌కూ ఎడమ గిటార్‌కూ ఉన్న ఎడాన్ని. కాగితం మీద రాసుకోండి, అభిప్రాయం ఇప్పుడే వద్దు. వెనక బెంచీల వాళ్ళు ఇలా మధ్యకు రండి, పక్కన కూర్చుంటే ఒక స్పీకరే వినబడుతుంది. ఆ ఫ్యాన్ కాస్త ఆపండి.